నీలం మూత డబ్బా

3, సోమవారం

టీ కొట్లో నా పొయ్యి పక్క గోడకి గడియారం తగిలించారు. గంటలు చెప్పేది కాదు, నిమిషాలు లెక్కపెట్టి కీచుమని అరిచేది. దాని కింద తీగ చివర మేకులాంటిది వేలాడుతూ వేడి కొలిచే పరికరం ఒకటి. తెచ్చినవాడు అల్లుడు, తగిలించినవాడూ అల్లుడే. పొద్దున నేను మేడ దిగేసరికి స్టూలు మీద నిలబడి, నోట్లో రెండు మేకులు పెట్టుకుని, "నిద్ర పట్టిందా మామయ్య గారూ" అన్నాడు. నోట్లో మేకులున్న మనిషిని మాటల్లోకి దింపకూడదు, మింగుతాడని ఊరుకున్నాను. మింగితే బాగుండునని కూడా అనుకున్నాను. ఇది నేను ఒక్కణ్ణే చదివే పుస్తకం, ఇందులో అబద్ధాలు దేనికి?

"ఎందుకయ్యా ఇవి?" అన్నాను వాడు దిగాక.

"మీకు సాయంగా ఉంటాయని. రెండు వందల డిగ్రీలు, నాలుగు నిమిషాలు. ఇంక మనం చూసుకోనక్కర్లేదు."

"యాభై అయిదేళ్ళుగా వేపుతున్నాను. ఒక్కరోజు ఎవరైనా నాకు నిమిషాలు చెప్పారా?"

"చెప్పలేదు. అదే కదండీ నేననేది."

అదే కదా అంటే ఏది కదా? ఈ మనిషి ప్రతి మాటనీ సగంలో వదిలేసి, మిగతా సగం నా నెత్తిన పెట్టి పోతాడు. పచ్చ టీ ఆకు గోధుమరంగుకి తిరిగి హోజిచా అయ్యే క్షణం గోడ మీద ఉండదు. ముక్కులో ఉంటుంది. పచ్చి గడ్డి వాసన పోవాలి, కాల్చిన గింజల వాసన రావాలి, దాని వెనకాలే చెక్క మాడే వాసన బయల్దేరుతుంది. ఆ రెండింటి మధ్య మూకుడు దించాలి. ఈ సంగతి అల్లుడికి చెబితే ఫోను తీసి రాసుకున్నాడు. రాసుకుని, గడియారం అక్కడే ఉంచాడు.

కాస్త పడిశం పట్టి ఉంది గానీ, లేకపోతే ఇవాళే చూపించేవాణ్ణి నా తడాఖా.

4, మంగళవారం

పడిశం తగ్గలేదు. తగ్గుతుంది.

5, బుధవారం

పొద్దుటినుంచీ గడియారం నాలుగుసార్లు అరిచింది. నాలుగుసార్లూ నేను పట్టించుకోలేదు. మూడోసారి మూకుడే దాని మీదికి విసిరేద్దామనుకున్నాను గానీ, విసిరేటంత చవకరకం మూకుడు కాదు నాది.

దీని కథ ఎక్కడా రాసి పెట్టలేదు. నా ఇరవై రెండో ఏట సరుకుల ఓడలో వంటగది పనిలో ఉండేవాణ్ణి. వంట కాదు, ఉల్లిపాయలు. ఓడ నిండా ఎంతమంది ఏడ్చారో తెలియదుగానీ రోజూ ఏడ్చినవాణ్ణి నేనే. జపాను రేవులో ఇంజను చెడి నాలుగు నెలలు కదల్లేదు. చేపల బజారు పక్క సందులో, చివరి కొట్టు ఒక ముసలావిడది. టీ కాయడం కాదు ఆవిడ పని, టీ ఆకు వేపడం. నేను రోజూ వెళ్ళి గుమ్మంలో నిలబడి వాసన పీల్చేవాణ్ణి. వారం చూసి, ఒకరోజు నా చెయ్యి పట్టి లోపలికి లాగి, మూకుడు చేతిలో పెట్టింది. మట్టిది, పైన కప్పు మూసి మధ్యలో చిన్న నోరు. పిడి బోలుగా ఉంటుంది. ఆకు వేగాక మూకుడు ఒంపితే పిడిలోంచి జలజలా రాలుతుంది. ఎంత తెలివైన వస్తువో!

ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. చదువంతా కర్ర గరిటెతోనే. తొందరపడి దించితే మణికట్టు మీద ఒక దెబ్బ. ఆలస్యం చేస్తే రెండు. సరిగ్గా దించితే ఏమీ లేదు. మెచ్చుకోలు కూడా లేదు, దెబ్బ పడకపోవడమే మెచ్చుకోలు. నేను వేపుతుంటే పక్కన పీట మీద కూర్చుని, గోడ అవతలి మాటలు వినేవాళ్ళలా తల ఒక పక్కకి వాల్చి, నా మొహంలోకి కళ్ళార్పకుండా చూసేది. మూకుడు వంక చూసేదే కాదు. మొదటి నాలుగు రోజులూ భయపడ్డాను, ఆవిడకి అరవై దాటాయి, నామీద మనసుపడిందేమోనని. చేపల కంపుకి నేను ముక్కు మూసుకుంటే పడీపడీ నవ్వేది.

చివరి పదిహేను రోజులు ఒక్క దెబ్బ పడలేదు. ఓడ కదిలేరోజు మూకుడు గుడ్డలో చుట్టి ఇచ్చింది. గరిటె కూడా. అది నా చదువు, అది నా డిగ్రీ. దాని నెత్తిన ఇవాళ అరిచే గడియారం కట్టారు.

7, శుక్రవారం

పక్క కొట్టు దర్జీ అమ్మాయి సగం కప్పు వదిలేసింది. పదకొండేళ్ళుగా వస్తోంది, కప్పు అడుగు కనబడకుండా ఎప్పుడూ లేవలేదు. ఇవాళ దగ్గరుండి నేనే వేపి, నేనే వేణ్ణీళ్ళు పోసి, నేనే తీసుకెళ్ళి పెట్టాను.

"ఏమ్మాయ్, బాలేదా?"

మెడలో టేపు సర్దుకుంటూ, "అబ్బే, బాగుంది బాబాయ్ గారూ. కొంచెం... మాడిందేమో అంతే," అంది.

మాడిందిట! నేను దించిన వాయి మాడిందిట! తను కుట్టిన నా చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నేనెప్పుడైనా అన్నానా? రెండేళ్ళుగా పొడుగు చేతిని మడిచి తొడుక్కుంటున్నాను. అనాల్సింది. రేపు అంటాను.

ఆకు మంచిది కాదు ఈసారి. కాడలు తడిగా వచ్చాయి. పొయ్యి మంట కూడా ఒకవైపు ఎక్కువగా వస్తోంది. నీళ్ళల్లోనూ ఏదో తేడా ఉంది. పైగా అమ్మాయికి నాలుక పూసి ఉండొచ్చు, సూదులు నోట్లో పెట్టుకునే అలవాటు.

8, శనివారం

శనివారాలంటే నాకు ఒళ్ళు మంట. మూడు బల్లల కొట్టుని కూతురు ఏడు బల్లలది చేసిన దగ్గర్నుంచీ శనివారం నేను నడవడానికి కూడా దారి ఉండదు. టీ తాగేవాళ్ళయితే సంతోషమే. వీళ్ళు టీ తాగరు. టీని పొడి చేసి పాలల్లో కలిపి పైన నురుగు పెట్టి, నురుగు మీద ఆకు బొమ్మ వేస్తే, ఆ బొమ్మని ఫొటో తీస్తారు. టీలో ఉండాల్సిన ఆకు టీ మీదికెక్కింది! తర్వాత హోజిచా ఐస్‌క్రీమ్, హోజిచా కేకు, హోజిచా బిస్కెట్టు. రేపు దీంతో సబ్బు చేసినా ఆశ్చర్యం లేదు.

ఎర్ర కళ్ళజోడు అమ్మాయొకతె నన్ను పిలిచి, "తాతగారూ, ఇది కాఫీనా టీనా?" అంది.

"టీ."

"మరి బ్రౌన్‌గా ఉందేం?"

"మంట మీద కూర్చోబెట్టారమ్మా. నువ్వు కూర్చున్నా ఇదే రంగొస్తావు."

కూతురు పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయింది. "నాన్నా, మీరు కాసేపు కూర్చోండి. ఇదిగో, ఇది తినండి," అని ఒక గిన్నె చేతిలో పెట్టింది. హోజిచా పుడ్డింగు. వణుకుతోంది. పైన నల్లటి పాకం. జనం దీనికోసం వరసలో నిలబడుతున్నారట. తినను అన్నాను. వెళ్ళిపోయాక తిన్నాను, పారేయడం ఇష్టంలేక.

ఈ మధ్య ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టే ఉంటోంది. ఇది మాత్రం నాలుక వెనక ఎక్కడో చురుక్కుమని తగిలింది.

బాగుందని రాయను.

11, మంగళవారం

ఇవాళ నాలుగు వాయిలు వేపాను. గడియారం అరుస్తూనే ఉంది, నేను నా పద్ధతిలో నేను దించాను. చల్లారీ చల్లారకముందే కూతురు వచ్చి మొత్తం నీలం మూత డబ్బాలోకి ఎత్తేసింది. ఎర్ర మూత డబ్బా ఒకటి పక్కనే ఉంది.

"అదేమిటి, రెండు డబ్బాలు?"

"మీరు వేపినదంతా నీలం డబ్బాలోకి నాన్నా. పుడ్డింగుకి అదే వాడుతున్నాను. దానికి అదే కావాలి."

చూశారా! నురుగు పాలూ కేకులూ అని ఎంత ఎగిరినా, జనం వరసలో నిలబడే వస్తువుకి మాత్రం నాన్న చేతి వాయే కావాలి. ఆ మాట అల్లుడి ముందు గట్టిగా అనమన్నాను. "తర్వాత అంటాలే నాన్నా," అని గిన్నెలు తోముకోడానికి వెళ్ళింది.

12, బుధవారం

గెలిచాను. దర్జీ అమ్మాయి మళ్ళీ వచ్చింది, మా కూతురు టీ ఇచ్చింది, కప్పు అడుగు నాకుతుందేమో అన్నట్టు తాగింది.

"అబ్బ, ఎంత బాగుందో బాబాయ్ గారూ! మళ్ళీ పాత రోజుల్లో లాగా!"

"అదీ నా చెయ్యంటే," అన్నాను. కొట్టంతా వినేటట్టు అన్నాను. అల్లుడు వినేటట్టు రెండోసారి అన్నాను. నేనూ ఒక కప్పు పోయించుకుని తాగి, "ఎండలో ఆరిన గడ్డివాము దగ్గర కూర్చున్నట్టు లేదూ వాసన!" అన్నాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఏముంది?

కూతురు అటు తిరిగి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

14, శుక్రవారం

చిన్న విషయాన్ని ఇంత చేశారు.

మధ్యాహ్నం మూడింటికి కొట్లో ఎవరూ లేరు. పొయ్యి పక్క బల్ల మీద ఈ పుస్తకం తెరిచి, దర్జీ అమ్మాయి చొక్కా సంగతి రాద్దామని కూర్చున్నాను. చేతిగుడ్డ కొస మంటకి తగిలినట్టుంది. మంట లేవలేదు, ఊరికే కుములుతోంది. అంతే. పైనుంచి కూతురు చెప్పులు కూడా లేకుండా దడదడా దిగొచ్చి, గుడ్డ లాగి తొట్టిలో పడేసి, కుళాయి తిప్పింది. తిప్పి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"మేడ మీద పడకగదిలోకి వచ్చింది నాన్నా వాసన! మీరు రెండు మూరల దూరంలో ఉన్నారు!"

"చూశాను. ఆర్పుదామనే లేవబోతున్నాను."

"మీరు రాసుకుంటున్నారు."

"కిటికీ తెరిచుంది. గాలి అటు కొడుతోంది. పైగా పడిశం."

తొట్టిలోకి చూస్తూ కూర్చుంది. ఏదైనా అంటే తిట్టి ఉండేవాణ్ణి. ఏమీ అనని మనిషిని ఏమని తిట్టడం? ఇదంతా వాళ్ళమ్మ దగ్గర నేర్చింది.

కిటికీ నిజంగానే తెరిచుంది. గాలి కూడా కొడుతూనే ఉంది.

15, శనివారం

తీర్పు వచ్చింది. పొద్దున్నే కొట్టు తెరవకముందు, ఇద్దరూ చెరోపక్కా కూర్చుని. ఇరవై నాలుగున యంత్రం వస్తుందట. ఇనప పీపా ఒకటి దానంతట అదే తిరుగుతుందట, వేడి అదే చూసుకుంటుందట, దించాల్సినప్పుడు అదే దించుతుందట.

"అయితే నేనేం చెయ్యాలి? దానికి విసనకర్రతో విసరనా?"

"మామయ్య గారూ, మీరు విశ్రాంతిగా..."

"నువ్వుండు."

కూతురు అంది: "నాన్నా, డాక్టరు దగ్గరికి రండి. రాకపోతే మాత్రం పొయ్యి దగ్గర నిలబడొద్దు. గుడ్డ కాబట్టి సరిపోయింది. ఒక్కరూ ఉన్నప్పుడు గ్యాసు లీకయితే?"

నన్ను! నా పొయ్యి దగ్గర నన్ను నిలబడొద్దంది! ఆ పొయ్యి పక్కన అట్టపెట్టెలో గుడ్డలు పరిచి పడుకోబెట్టి పెంచాను దాన్ని. వేగే ఆకు వాసన తగిలితే గానీ నిద్రపోయేది కాదు. యంత్రం వచ్చిన రోజు మూకుడు పట్టుకుని నేనీ ఇంట్లోంచి వెళ్ళిపోతానన్నాను. ఎక్కడికని అల్లుడు అడిగాడు. ఓడెక్కి అన్నాను. నవ్వు ఆపుకోడానికి వాడు నోట్లో ఏమైనా పెట్టుకుంటే బాగుండేది. ఇవాళ మేకుల్లేవు.

16, ఆదివారం

కొట్టు సెలవు. వాళ్ళిద్దరూ బజారుకెళ్ళారు. వంటగది తలుపు వేసుకున్నాను.

లవంగాలు. వెనిగరు. చెప్పుల పాలిషు. కాఫీ పొడి సీసాలో ముక్కు ముంచి తీశాను, ముక్కు చివర పొడి అంటింది, అంతే. ఉల్లిపాయ కోశాను. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. సంతోషించాను ఒక్క క్షణం. తర్వాత తెలిసింది, నీళ్ళు కళ్ళకి సంబంధించినవి.

ఎర్ర డబ్బా, నీలం డబ్బా పక్కపక్కన పెట్టుకుని రెండింటి మూతలూ తీశాను

పై పేజీలో తర్వాత రాసింది చింపేశాను.

పడిశమే. ముదిరిన పడిశం.

17, సోమవారం

దొంగలు. ఇంట్లోనే దొంగలు.

పొద్దున అయిదింటికి మెలకువొచ్చింది. కింద చప్పుడు. నా మూకుడు చప్పుడు, అది నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. మెట్ల మధ్యలో ఆగాను. చిటపటలు దట్టంగా పడుతున్నాయి, తర్వాత పలచబడ్డాయి, కాడలు ఉబ్బి తేలికై మూకుడికి రాసుకుంటూ గలగలమంటున్నాయి. ఇంకో పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచాలి. ఉంచలేదు, దించేసింది. తొందర. చిన్నప్పట్నుంచీ దానికి అన్నిట్లోనూ తొందరే.

దిగి వెళ్ళి నిలబడ్డాను. కూతురు మూకుడు పిడిలోంచి ఆకు ఒంపుతోంది. ఎర్ర మూత డబ్బాలోకి.

"ఏమిటిది?"

డబ్బాని వీపు వెనక్కి దాచబోయింది.

"మొన్న బుధవారం దర్జీ అమ్మాయి మెచ్చుకున్న టీ ఎవరిది?"

"నాది నాన్నా."

"నేను తాగింది?"

"అదీ."

"గడ్డివాము అన్నాను. అందరూ విన్నారు."

"బాగానే అన్నారు. నిజంగా అలాగే ఉంది వాసన." ఏడుస్తోంది, ఏడుస్తూనే చెబుతోంది. "మీరు వేపేవన్నీ మాడిపోతున్నాయి నాన్నా. అన్నీ. పారేయడానికి చేతులు రాలేదు. పాలల్లో వేసి మరిగించి, పంచదారా క్రీమూ పడితే ఆ చేదు అందంగా ఉంది. అందుకని పుడ్డింగులో..."

"అంటే ఏడు బల్లల జనం వరసలో నిలబడి తింటున్నది నా తప్పుల్ని."

"తప్పులు కాదు నాన్నా."

"మరేమిటి? చెప్పు! ఏమిటవి? నా మొహాన ఒక్క మాట చెప్పలేకపోయావా? పరాయివాళ్ళ ముందు నన్ను ఆడించావు! పంచదార జల్లి అమ్మావు నన్ను!"

"చెబితే మూకుడు పక్కన పెట్టేస్తారు. పెట్టేశాక మీరేం చేస్తారు? మీకు చెప్పే దమ్ము నాకు లేదు నాన్నా."

దమ్ము లేదట. రోజూ అయిదింటికి లేచి నా మూకుడు దొంగిలించే దమ్ముంది.

గోడ గడియారం పీకి చెత్తబుట్టలో పడేశాను. అది బుట్టలోంచి కూడా అరిచింది.

18, మంగళవారం

ఎవరితోనూ మాట్లాడలేదు.

19, బుధవారం

ఇవాళ కూడా. అల్లుడు గడియారం బుట్టలోంచి తీసి తుడిచి సొరుగులో పెట్టాడు. గోడకి తగిలించలేదు. చూశాను.

20, గురువారం

ముక్కు డాక్టరు నాకంటే ముప్ఫై అయిదేళ్ళు చిన్న. నా ముక్కులోకి లైటు వేసి, గుహలోకి చూసినట్టు చూశాడు. తర్వాత సీసాలు వాసన చూపించాడు. పన్నెండు సీసాలు. పన్నెండింటికీ ఏదో ఒకటి చెప్పాను. ఊరికే ఓడిపోతానా? ఒక దానికి గులాబీ అన్నాను. అది కిరసనాయిలట.

"ఎన్నాళ్ళయింది పెద్దాయనా వాసన పోయి?"

"రెండు వారాలు."

"ఎనిమిది నెలలు," అంది కూతురు పక్కనుంచి. "జ్వరం వచ్చి తగ్గాక. ఒకరోజు పాలు విరిగి కంపు కొడుతుంటే, బాగానే ఉన్నాయి కదా, గ్లాసులో పొయ్యమన్నారు. ఆ రోజునుంచీ."

ఎనిమిది నెలలు. నాకంటే దానికే కచ్చితంగా తెలుసు. నేను మొదటి నాలుగు నెలలు ఆకుదే తప్పనుకున్నాను, తర్వాత ఈ పుస్తకంలో పడిశం అని రాయడం మొదలుపెట్టాను. వెనక్కి తిప్పి చూశాను. ముప్ఫై ఒక్కసార్లు రాశాను.

నరం దెబ్బతిందట. రావచ్చట, రాకపోవచ్చట, ఈ వయసులో రాకపోవడమే ఎక్కువట. ఇది చెప్పడానికి ఇంత లైటెందుకో! తీపి, చేదు, పులుపు, ఉప్పు నాలుకవి కాబట్టి మిగులుతాయట. మిగతా రుచంతా ముక్కుదేనట. వినయంగా చెప్పాడు. వినయంగా చెప్పినందుకు ఇంకా కోపం వచ్చింది.

దారిలో కూతురు నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. రోడ్డు దాటేటప్పుడు మళ్ళీ పట్టుకుంది. బళ్ళు ఎక్కువగా ఉన్నాయి, ఊరుకున్నాను.

22, శనివారం

పనీపాటా లేక కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద శనివారపు గోల. ఆకు లోపల ఏం జరుగుతోందో తెలియకుండా ఇంక నేనెందుకు, అనుకుంటూ ఉంటే ఆ ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడకి కోపంగా చెబుతున్నాను మనసులో, చూశావా, నువ్వు నేర్పిన ముక్కు పోయింది, నీ గరిటె దెబ్బలన్నీ బూడిదలో పోసిన పన్నీరు, అని.

అప్పుడు ఒక విషయం గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

ఓడ కదిలేముందు ఆవిడకి సువాసన సబ్బు ఒకటి కొనిచ్చాను. కాగితం విప్పింది, కాగితం మీది పువ్వు బొమ్మ వేలితో తడిమింది, సబ్బు నున్నగా ఉందని చెంపకి రాసుకుంది. వాసన చూడలేదు. సబ్బు ఇస్తే వాసన చూడని మనిషి ఉంటుందా? చేపల కంపుకి నేను ముక్కు మూసుకుంటే ఎందుకంత నవ్వేది? మూకుడు వంక ఎందుకు చూసేది కాదు? తల వాల్చి ఎందుకు కూర్చునేది?

వినడానికి. చిటపటలు వినడానికి. నా మొహంలోకి ఎందుకు చూసేదో తెలుసా? నా ముక్కు పుటాలు ఎప్పుడు విచ్చుకుంటాయో చూడటానికి! ఆవిడకి ముక్కు లేదు! ఆవిడ దగ్గరున్నది చెవి. ముక్కు నాది. వీధిలో వెళ్ళేవాణ్ణి లోపలికి లాగింది నా ముక్కు కోసం. నాలుగు నెలలు నా ముక్కుతో వ్యాపారం చేసింది. నేనేమో విద్య నేర్చుకుంటున్నానని మురిసిపోతూ దెబ్బలు తిన్నాను.

దొంగ ముసలిది! యాభై అయిదేళ్ళు! యాభై అయిదేళ్ళ తర్వాత దొరికింది. ఎదురుగా ఉంటే ఆ గరిటెతోనే ఇచ్చేవాణ్ణి రెండు.

మొన్న సోమవారం మెట్ల మధ్యలో నిలబడి, దించడం పది అంకెలు ముందైందని నేనెలా అన్నాను?

23, ఆదివారం

గరిటె వెతికాను. పాత బూట్ల పెట్టెలో దొరికింది. కొస కొంచెం పగిలింది. పనికొస్తుంది.

24, సోమవారం

యంత్రం వచ్చింది. పెద్ద అట్టపెట్టె, మోయడానికి ముగ్గురు. అల్లుడు కత్తి పట్టుకుని పెట్టె చుట్టూ తిరుగుతున్నాడు.

"దాన్ని ముట్టుకోకు," అన్నాను.

"మామయ్య గారూ, ఒక్కసారి చూస్తే..."

"నువ్వుండు. అమ్మడూ, మూకుడు పెట్టు."

"నాన్నా, పొయ్యి దగ్గరికి మీరు రావద్దని..."

"నేను నిలబడను. నువ్వు నిలబడు. నేను కూర్చుంటాను."

పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు వద్దన్నాయి, కూర్చున్నాను. తల మూకుడు వైపు వాల్చి, కూతురి మొహంలోకి చూశాను. నలభై రెండేళ్ళుగా ఆ ముక్కు నా కళ్ళముందే ఉంది, దాని వంక ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. నా ముక్కే. చివర కొంచెం వంకర.

ఆకు పడింది. తడి చప్పుడు ముందు. తర్వాత చిటపటలు. దట్టం. పలచబడుతోంది. గలగల మొదలైంది, అమ్మాయి ముక్కు పుటం కదిలింది, కాని విచ్చుకోలేదు. చెయ్యి మాత్రం దించేయబోయింది. మణికట్టు మీద ఒకటి వేశాను.

"అబ్బా! ఏంటి నాన్నా!"

"ఒకటంటే తొందరని. మాటలొద్దు. ఉంచు."

గలగలలో ఒక సన్నటి మోత కలిసింది. ఇసక జారినట్టుంటుంది అది. సరిగ్గా అప్పుడే ఆ పుటాలు రెండూ గుడారంలా విచ్చుకున్నాయి.

"దించు!"

పిడిలోంచి జలజలా రాలింది. కూతురు వంగి వాసన చూసింది. చూసి, తల ఎత్తలేదు చాలాసేపు. రెండో వాయిలో రెండు దెబ్బలు తింది. మూడోదానికి పడలేదు. దర్జీ అమ్మాయికి ఆ మూడో వాయి టీ ఇచ్చాం. తాగి, ఖాళీ కప్పు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

"ఇది ఎవరి చెయ్యి బాబాయ్ గారూ?"

"చెయ్యి దానిది. అరువు ముక్కు కూడా దానిదే. మిగతాది నాది. నీకు చెవి ఉంటే ఒక సంగతి చెబుతాను, ఈ చొక్కా చేతులు చూడు..." అని రెండేళ్ళ సంగతి చెప్పేశాను. ప్రాణం హాయిగా ఉంది.

అల్లుడు పెట్టె మీద కూర్చుని అంతా ఫోనులో రాసుకున్నాడు. రాసుకోనీ.

అంతటితో అయిపోతే బాగుండేది. సాయంత్రం నాలుగింటికి కూతురు గుమ్మం దగ్గర నిలబడి చీర కొంగు మెలేస్తోంది. అంటే ఏదో అడగబోతోందని.

"నాన్నా, నీలం డబ్బా ఖాళీ అయిపోయింది."

"అయితే?"

"పుడ్డింగుకి ఎర్ర డబ్బాది వేసి చూశాను. చప్పగా ఉంది. అందరూ పాతదే అడుగుతున్నారు. నేను మాడ్చి చూశాను, బొగ్గయిపోయింది. అది మీకే కుదురుతుంది నాన్నా. వారానికి ఒక నాలుగు వాయిలు... మీ పద్ధతిలో... నేను పక్కనే ఉంటాను."

కూతురు చెప్పింది ఇదే: మాడ్చమని! ఒక్క ఆకు మాడితే రెండు దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి, డెబ్భై ఏడేళ్ళ వయసులో, కావాలని, బుద్ధిపూర్వకంగా, నాలుగు వాయిలు మాడ్చమని! ఇంతకన్నా అవమానం ఈ భూమ్మీద ఏ వేపేవాడికైనా జరిగిందా? అరిచాను. వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. అది కొంగు మెలేస్తూ అక్కడే నిలబడింది.

మాడ్చాను. ఇసక మోత దాటాక, పుల్ల విరిగినట్టు ఒక చప్పుడుంటుంది, అది మూడోసారి వినబడ్డాక దించాలి. నాలుగోది వింటే బొగ్గే. ఆ లెక్క ఎవరికీ తెలియదు. నాకూ ఇవాళే తెలిసింది.

ఇప్పుడు గిన్నె ఎదురుగా ఉంది. వణుకుతోంది. పైన నల్లటి పాకం. ఒక చెంచా తిన్నాను. నాలుక వెనక చురుక్కుమంది. కొట్టు మొత్తంలో నాకింక తగిలే రుచి ఇదొక్కటే, అదీ నేను మాడ్చింది.

రెండో గిన్నె తెమ్మన్నాను.

బాగుంది. రాశాను. ఇంక నన్నెవరూ అడగొద్దు.